బూడిద రంగు గోడలు

ఇంట్లో ఉల్లిగడ్డలన్నీ అయిపోయాయి. కూరలోకి కాదు, పెయింట్ వాసనకి. ఒక్కో గడ్డనీ నాలుగు చెక్కలు చేసి, నీళ్ళ గిన్నెల్లో వేసి మూలమూలకీ పెడితే ఆ నీళ్ళు వాసనని లాగేస్తాయని బాలలక్ష్మికి పక్క ఫ్లాటావిడ చెప్పింది. సోమవారం నుంచి ఆమెకి అదే పని. ఇప్పుడు తార్నాకలోని ఆ మూడో అంతస్తు ఫ్లాటులో పెయింట్ వాసన పెయింట్ వాసనగానే ఉంది, ఉల్లిగడ్డ వాసన అదనం.

లోపలి గదిలో మంచం మీద పడుకుని కోడలు భూమిక, ఆఖరి గడ్డని అత్త కోస్తున్న కత్తి చప్పుడు వింటోంది. ఆమె లేవకూడదు. సోమవారం రక్తం కనపడింది. డాక్టరమ్మ మంచం దిగొద్దంది. కడుపులో బిడ్డ గుండె కొట్టుకుంటోంది కానీ వచ్చే వారం స్కానింగు అయ్యేదాకా ఏ మాటా ఇవ్వలేనంది. పెయింట్ వల్లనేనా అని నరేందర్ అడిగితే, "అవునని చెప్పలేను, కాదనీ చెప్పలేను" అంది. ఇంట్లో అందరికీ ఆ రెండో ముక్కే వినపడింది.

హాల్లో తల్లీకొడుకుల మాటలు మొదలయ్యాయి. నరేందర్‌కి హబ్సిగూడలో ల్యాబు ఉద్యోగం. బూట్లు వేసుకుంటూ గొడవ పడటం అతని అలవాటు.

"ఆ బ్యాగు ఏందమ్మా?"

"మీ సమ్మక్క పెద్దమ్మ రమ్మన్నది. రామంతాపూర్ పోత."

"ఎన్ని దినాలు?"

"కాన్పు అయ్యేదాక."

ఒక బూటు కింద పడిన చప్పుడు వినిపించింది.

"పెద్దమ్మ ఫోన్ల ఏమన్నది? నిజం చెప్పు."

"ఉన్న మాటనే అన్నది. కడుపుతోని ఉన్నదాన్ని ఇంట్ల పెట్టుకొని గోడలు ముట్టుకుంటరానే అన్నది. నా చెయ్యి మంచిది కాదురా. నేను దూరముంటే పొల్లకు మంచిగుంటది."

"ఇదంత నాన్సెన్స్ అమ్మా."

"నీకు నాన్సెన్సే. రంగులేసే రాజన్న డబ్బా మూత తీయకముందే అడిగిండు. ఇంట్ల చిన్న పిల్లలు ఉన్నరా, దమ్ము రోగమున్నోళ్ళు ఉన్నరా, కడుపుతోని ఎవరన్న ఉన్నరా అని. నేనేమన్న? ఎవ్వరు లేరయ్యా, నువ్వు కానియ్యి అన్న. కడుపుల ఉన్న బిడ్డను లేదన్న నోరు ఇది."

"నీకు తెల్వదు కదమ్మా. తెలిసి చేస్తే తప్పు. తెల్వక చేస్తే తప్పెట్లయితది?"

"ముగ్గురిని కన్నదాన్ని. ఆ పిల్ల పచ్చిపులుసు ముట్టకపాయె, పొద్దుగాల చాయ్ తాగకపాయె. డైటింగ్ అనుకున్న. దానికే తెల్వకపాయె, పాపం. నాకన్న తెల్వాలె కద."

దొంగకి తేలు కుట్టినట్టుంది భూమిక పని. దిండు చెవి మీదికి లాక్కుంది. మాటలు మాత్రం దిండు దాటి వస్తూనే ఉన్నాయి.

ఎందుకంటే తనకి అప్పటికే తెలుసు.

రాజన్న ఆ మాట అడిగినప్పుడు భూమిక అక్కడే, అత్త పక్కనే, చాయ్ గ్లాసులు పట్టుకుని నిలబడి ఉంది. రాజన్న అడిగే పద్ధతే అంత. ఏ ఇంట్లో బ్రష్షు తడపాలన్నా ముందు ఆ మూడు ప్రశ్నలూ అడుగుతాడు. ఉన్నారంటే ఒక గది అయ్యాక ఇంకో గది, కిటికీలన్నీ తీసి, వాళ్ళని ఎక్కడికైనా పంపించి వేస్తాడు. లేరంటే ఇల్లంతా ఒక ఊపులో లాగించేస్తాడు. "ఎవ్వరు లేరయ్యా" అని అత్త అన్నప్పుడు భూమిక చాయ్ అందించింది. గ్లాసు అంచు దాకా చాయ్ ఉంది, ఒక్క చుక్క కూడా ఒలకలేదు. తల్చుకుంటే ఇప్పుడు తన మీద తనకే అసహ్యం వేస్తోంది.

ఇదంతా ఓడీల్ కోసం. భూమిక యూనివర్సిటీలో ఫ్రెంచి చెబుతుంది. అంతకుముందు ఒక ఏడాది ఫ్రాన్సులో ఆంజే అనే ఊళ్ళో చదువుకుంది. అక్కడ ఓడీల్ ఇంట్లో ఉంది. పావురం రెక్కలాంటి లేత బూడిద గోడలు, గోడ మీద ఒకే ఒక బొమ్మ, బల్ల మీద ఒకే ఒక పువ్వు. ఆ ఓడీల్ ఇప్పుడు క్యాంపస్‌లో పాఠాలు చెప్పడానికి వచ్చింది. కొన్నాళ్ళు మా ఇంట్లో ఉండమని భూమిక పిలిచింది. పిలిచాక చుట్టూ చూసుకుంటే గోడలన్నీ గులాబీ రంగు. ఫ్లాటు కొన్నప్పుడు బాలలక్ష్మి ముచ్చటపడి వేయించిన రంగు అది. దాన్ని చూసి ఓడీల్ ఏమనుకుంటుందోనని భూమికకి సిగ్గేసింది.

"ఇంటికి బూడిద పూస్తరా ఎవరన్న?" అని అత్త అప్పుడే అంది. అన్నా ఒప్పుకుంది. అతిథికని తన గది కూడా ఖాళీ చేసి ఇచ్చింది. అలాంటి మనిషికి కడుపు సంగతి చెబితే పని ఆగిపోతుంది. కడుపుతో ఉన్న మనిషి ఇంట్లో ఉండగా బాలలక్ష్మి గోడకి మేకు కూడా కొట్టనివ్వదు.

అందుకని భూమిక చెప్పలేదు. మొగుడికీ చెప్పలేదు. రంగంతా అయ్యాక, దీపావళి నాడు, అప్పుడే పరీక్ష చేసుకున్నట్టు చెప్పింది.

నరేందర్ లోపలికి తొంగి చూశాడు.

"లంచ్‌కి వస్త. ఏమన్న కావాల్నా?"

"అత్తమ్మను ఆపు."

"నా మాట వినదు. నువ్వు చెప్పు, నీ మాట వింటది" అని వెళ్ళిపోయాడు.

కాసేపటికి బాలలక్ష్మి గ్లాసుడు పాలతో వచ్చింది. మొహం పీక్కుపోయింది. సోమవారం నుంచి ఒక్కపొద్దు ఉంటోంది. ఆ ఒక్కపూటైనా ఎంత తింటోందో దేవుడికే తెలియాలి.

"మీరు తినుండ్రి అత్తమ్మా. ఎందుకిదంత?"

"నాకు ఆకలైతలేదు బిడ్డా. నువ్వు తాగు."

"పోకుండ్రి. మీరు లేకపోతే నాకెవరున్నరు?"

"మీ అమ్మ వస్తది. ఫోన్ చేసిన. రేపటికల్ల వస్త అన్నది." బాలలక్ష్మి కోడలి నుదుటి మీది వెంట్రుకలు పక్కకి తీసింది. "నువ్వేం మనసుల పెట్టుకోకు. నీ తప్పేమున్నది ఇందుల? పెద్దదాన్ని, నేను చూసుకోవాలె."

ఇదిగో, ఇప్పుడు చెప్పొచ్చు. ఇంట్లో ఇద్దరే ఉన్నారు. ఒక్క మాట చాలు. భూమిక పాలగ్లాసు నోటికి ఆనించుకుంది. పాలు అయిపోయేదాకా గ్లాసు దించలేదు. అయిపోయేసరికి బాలలక్ష్మి లేచింది.

"ఉల్లిగడ్డలు అయిపోయినయ్. తీసుకొని వస్త. తలుపు దగ్గరికేసి పోత, నువ్వు లెవ్వకు."

ఉల్లిగడ్డలకి తార్నాక చౌరస్తా దాకా పోయినా ఇంతసేపు పట్టదు. భూమిక గోడకేసి చూస్తూ పడుకుంది. ఈ గది గోడలు ఇంకా పాత గులాబీ రంగే. హాలూ, ముందు గదీ మాత్రమే మారాయి. చుట్టాలు చూసే చోట్లు మార్చుకుంటే చాలనుకుంది మరి.

తలుపు తెరుచుకుంది. చెప్పులు విడిచిన చప్పుడు. తర్వాత లేసులు విప్పుతున్న చప్పుడు. లేసుల బూట్లు ఇంట్లో నరేందర్‌కి తప్ప ఎవరికీ లేవు.

"భూమీ, ఎవరొచ్చిన్రో చూడు."

ఒక చేతిలో ఉల్లిగడ్డల సంచీ, ఇంకో చేత్తో ఓడీల్ చెయ్యి పట్టుకుని బాలలక్ష్మి గదిలోకి వచ్చింది. ఓడీల్ అరవై దాటిన మనిషి. కత్తిరించిన తెల్ల జుట్టు, మెడకి నూలు గుడ్డ. ఆటోలో వచ్చినందుకో, చెప్పకుండా వచ్చినందుకో మొహమంతా ఎర్రబడి ఉంది.

భూమిక దుప్పటి గడ్డం దాకా లాక్కుంది. ఒంట్లో బాగాలేదని ఒక మెసేజ్ పెట్టి, ఇంటికి రావద్దని ఓడీల్‌ని నాలుగు రోజులుగా ఆపుతోంది.

"మీరెట్ల పోయిన్రు అత్తమ్మా?"

"ఆటోల. గెస్ట్‌హౌస్ అంటే క్యాంపస్ల అందరు చెప్తరు." బాలలక్ష్మి మొహంలో ఇన్నాళ్ళకి కాస్త వెలుగొచ్చింది. "మన ఇంటికి రమ్మని పిలిచి, గోడలకు రంగులేసి, ఒక్క ముద్ద పెట్టకపోతే ఎట్ల? రేపు నేను ఉండనాయె. అన్నం తినిపోవాలె అని సైగ చేసిన. నన్ను చూసి ఏం చేసిందో తెల్సా? గేటు కాడ వాచ్‌మన్ ముంగట ఈ చెంపకొకటి, ఆ చెంపకొకటి. నాకు సిగ్గయింది. వాచ్‌మన్ అటు తిరిగిండు, మంచోడు."

ఓడీల్ వంగి, వాళ్ళ పలకరింపు పద్ధతిలో, భూమిక చెంపలకి కూడా చెంపలు ఆనించింది. కుర్చీలో కూర్చుని ఫ్రెంచిలో గడగడా మొదలుపెట్టింది. చెప్పకుండా ఒకరింటికి రావడం తన జన్మలో ఎరగదట. వద్దంటే ఈమె చెయ్యి వదల్లేదట. పైగా పొట్ట చూపించి ఏడ్చిందట.

"నేను ఎవరికీ చెప్పలేదు, భూమికా. మూడు నెలలు నిండలేదని నాకు తెలుసు. కానీ ఈవిడకి తెలిసిపోయిందిగా. ఇక నేను దాచక్కర్లేదుగా?"

"ఏమంటున్నది?" అంది బాలలక్ష్మి, వంటింట్లో కుక్కరు పొయ్యి మీద పెట్టి వస్తూ.

"మీరు నన్ను మంచిగ చూసుకుంటున్నరు అంటున్నది."

"గంత పొడుగు మాట్లాడింది, నువ్వు గింతనే చెప్పినవ్."

ఫ్రాన్సులో ఇది మర్యాద. కడుపు సంగతి మూడో నెల నిండేదాకా బయటపెట్టరు, అడగరు. దసరా సెలవుల ముందు గెస్ట్‌హౌస్‌లో ఓడీల్ ఫ్రెంచి డిపార్ట్‌మెంట్ వాళ్ళందరికీ విందు చేసింది. వైన్ సీసా తీసింది. భూమిక తన గ్లాసు మీద అరచెయ్యి అడ్డం పెట్టింది. ఓడీల్ ఒక్క క్షణం ఆ చెయ్యి చూసి, ఏమీ అడక్కుండా సీసా పక్కవాళ్ళ వైపు తిప్పింది. ఆ అడక్కపోవడానికే భూమిక కరిగిపోయి, వెళ్ళేటప్పుడు మెట్ల దగ్గర తనే చెప్పేసింది. "ఇంట్లో వాళ్ళకి ఇంకా చెప్పలేదు, మూడు నెలలు నిండాక చెబుతాను" అంది. ఎంత పెద్ద మనిషి మాటలా ఉందో అది. పెయింట్ కోసం దాస్తున్నానని చెప్పలేక ఒక దేశం ఆచారాన్ని అడ్డం పెట్టుకుంది.

ఓడీల్ లేచి గోడ మీద చెయ్యి వేసింది. గులాబీ రంగు గోడ మీద.

"ఇది ఎంత బాగుంది! హాలు చూసి మా ఇంటికే వచ్చానేమో అనుకున్నాను. అంతదూరం నుంచి వచ్చి మా గోడలే చూడాలా? మొత్తం ఇల్లంతా ఇలా ఉంచాల్సింది."

భూమిక కళ్ళు మూసుకుంది.

"ఏమన్నది?"

"ఈ రంగు మంచిగున్నది అన్నది."

"ఏ రంగు, ఇదా?" బాలలక్ష్మి గోడ వైపూ ఓడీల్ వైపూ చూసింది. నవ్వబోయి మానుకుంది. "నేనే చెప్పిన ఈ రంగు" అంది మెల్లగా, తనకి తనే.

అప్పుడు ఓడీల్ సంచీలోంచి చిన్న పొట్లం తీసింది. ఒట్టి చేతులతో ఒకరింటికి వెళ్ళడం కూడా వాళ్ళలో లేదు. గేటు దగ్గర బాలలక్ష్మిని ఆపి, గదికి పరుగెత్తి, దాచి ఉంచింది తెచ్చేసింది. మూడు నెలలు నిండాక ఇద్దామనుకుందట. పొట్లం విప్పితే తెల్ల నూలుతో అల్లిన పసిబూట్లు. ఒక్కోటి బొటనవేలంత ఉంది.

బాలలక్ష్మి చెయ్యి చాపి, మళ్ళీ వెనక్కి తీసుకుంది.

"పుట్టకముందే కొంటరా గివి? మనోళ్ళు కొనరు బిడ్డా. ఇప్పటికే నా పాణం కొట్టుకుంటున్నది. ఎప్పుడు కొన్నదో అడుగు. సోమవారం ముందా, తర్వాతనా?"

"ఎందుకు అత్తమ్మా ఇప్పుడు అవన్ని."

"అడుగు."

అబద్ధం ఆడటానికి ఇంతకంటే మంచి సందు దొరకదు. రెండు భాషలూ తన చేతిలోనే ఉన్నాయి. కానీ ఓడీల్ బాలలక్ష్మి చూపుని బట్టే ప్రశ్న గ్రహించింది. బూట్లని అరచేతిలో పెట్టుకుని, నవ్వుతూ, నేరుగా ఆమెకే చెప్పింది.

"పాండిచ్చేరి."

ఆ మాటకి తెలుగు అక్కర్లేదు. దసరాకి ముందు, సద్దుల బతుకమ్మ నాడు బాలలక్ష్మి పూలు పేరుస్తుంటే, పాండిచ్చేరి నుంచి మేడం ఫోటోలు పంపిందని భూమికే చూపించింది. సముద్రం, పసుపుపచ్చ గోడలు. గోడలు పసుపుగానే మంచిగున్నయి కద, బూడిద ఎందుకని ఆవేళే బాలలక్ష్మి అడిగింది. రాజన్న డబ్బాలు దించింది పండుగ వెళ్ళిన వారానికి.

వంటింట్లో కుక్కరు కూత పెట్టింది, బాలలక్ష్మి కదల్లేదు.

"రాజన్న అడిగినప్పుడు నువ్వు నా పక్కనే ఉన్నవ్" అంది చివరికి.

"అవును."

"అప్పటికి తెలుసు నీకు."

"తెలుసు."

"మరి నేను లేరంటుంటే..."

"చెప్తే మీరు పెయింట్ ఆపుతరని చెప్పలె." ఇన్ని రోజులు గొంతులో పడి ఉన్న మాట ఇంత తేలిగ్గా బయటికొచ్చింది. "తప్పు చేసిన అత్తమ్మా. మీరు మీ నోరును తిట్టుకుంటుంటే విన్న. మీరు తినకుంటుంటే చూసిన. అయినా చెప్పలె. చెప్పాలంటే నాకు బుగులైంది."

తిడుతుందని చూసింది. తిడితే బాగుండుననుకుంది.

"ఆపేదాన్నే" అంది బాలలక్ష్మి. "నువ్వు అలిగేదానివి. రెండు రోజులు నాతోని మాట్లాడకపోయేదానివి. గంతే కద బిడ్డా అయ్యేది."

ఓడీల్ ఇద్దరి మొహాలూ చూసి, బూట్లని మెల్లగా మంచం మీద పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. బాలలక్ష్మి లేచి వంటింట్లోకి పోయి కుక్కరు దించింది. కంచాలు తీసింది. ఆమె కంచాలు తీసే చప్పుడులో కోపం ఉందో లేదో భూమికకి తెలియలేదు.

సరిగ్గా అప్పుడే నరేందర్ వచ్చాడు.

అతిథిని చూసి ముందు కంగారుపడ్డాడు, తర్వాత సంతోషించాడు. కుర్చీ లాక్కుని ఇంగ్లీషులో క్షేమసమాచారాలు అడిగాడు. మంచం మీది బూట్లు తీసుకుని వేళ్ళకి తొడుక్కున్నాడు. సోమవారం తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి.

"ఎక్కడివి ఇవి?" అని ఇంగ్లీషులో అడిగాడు.

భూమిక నోరు తెరిచేలోపు ఓడీల్ తనకి వచ్చిన ఇంగ్లీషులో సంబరంగా చెప్పింది. పాండిచ్చేరిలో కొన్నానని, దసరా సెలవుల్లో అని.

నరేందర్ వేళ్ళకున్న బూట్లు ఆడటం మానేశాయి.

"దసరకా?" అన్నాడు భూమికతో. "మనకు తెలిసింది దీపావళికి కద?"

భూమిక చూపు దుప్పటి మీదికి దిగింది.

"భూమికా, నిన్నే. ఈమెకు దసరకెట్ల తెలుసు?"

"నాకు కూడ దసరకే తెలుసు."

గుమ్మంలో బాలలక్ష్మి నిలబడి ఉంది. చేతిలో అన్నం గిన్నె.

"ఏందమ్మా?"

"దసరకే నాకు చెప్పింది పిల్ల. నీకు చెప్పొద్దన్నది నేను. మూడు నెలలు నిండని, అప్పుడు చెప్దామన్న. పెయింట్ ఆపుదామని అది అన్నది. ఏం కాదు, నువ్వు గమ్మునుండు అన్నది నేనే."

ఆమె గొంతు ఎక్కడా తొణకలేదు. ఇంత చక్కగా అబద్ధమాడటం అత్తకి వచ్చునని భూమిక ఎన్నడూ అనుకోలేదు. ఆ అబద్ధం పేలితే తగిలేది ఎవరికో తెలిసి, ముందుకొచ్చి నిలబడి మరీ ఆడింది.

నరేందర్ బూట్లు తీసి మంచం మీద పెట్టాడు.

"మరి రాజన్న అడిగినప్పుడు..."

"తెలిసే లేరన్న."

"పొద్దుగాల నీ తరఫున నేను మాట్లాడిన. తెల్వక చేస్తే తప్పెట్లయితది అన్న." అతను కుర్చీలోంచి లేచాడు. "నాలుగు రోజుల నుంచి ఒక్కపొద్దని, బ్యాగని, నా చెయ్యని, నా నోరని... తెలిసి చేసినవా అమ్మా?"

"ఆ."

అతను జేబులోంచి బండి తాళం తీశాడు.

"బ్యాగు సదురుకున్నవ్ కద. రేపటిదాక ఎందుకు? మేడం తిన్నంక నేనే దింపుత పెద్దమ్మ ఇంటి కాడ."

బాలలక్ష్మి సరేనని, ఏమీ జరగనట్టు, ఓడీల్ ముందు స్టూలు లాగి కంచం పెట్టింది. అన్నం వడ్డించింది, పప్పు పోసింది. ఓడీల్ కంచం ముట్టుకోలేదు. వాళ్ళింట్లో బల్ల దగ్గర ఎంత పెద్ద పోట్లాటైనా అందరూ కలిసి గట్టిగా పోట్లాడతారు, మళ్ళీ కలిసే తింటారు. ఇలా ఎవరూ అరవకుండానే ఇల్లు విరగడం ఆమెకి అర్థం కాలేదు. భూమిక మోచేతి మీద చెయ్యి వేసి ఫ్రెంచిలో అడిగింది.

"ఏం జరుగుతోంది? మీ అత్తగారు ఏమన్నారు?"

"అడుగుతున్నది కద, ఏదన్న చెప్పు" అంది బాలలక్ష్మి, కోడలి కళ్ళలోకి చూడకుండా. "తినమని చెప్పు."

భూమిక మంచం మీద లేచి కూర్చుంది. లేవొద్దన్న డాక్టరమ్మ మాట గుర్తుంది, అయినా కూర్చుంది. ఓడీల్ వైపు తిరగలేదు.

"నరేందర్, ఆ తాళం కింద పెట్టు. నీకొకటి చెప్పాలె."

అతని వెనక, అన్నం గిన్నె పట్టుకుని నిలబడ్డ బాలలక్ష్మి వద్దని తల ఊపింది.